స్క్రూ మీద ఎర్ర చుక్క

మచిలీపట్నం
22 ఆగస్టు 2001, బుధవారం

ఇష్తియాక్‌కి,

మొన్న సోమవారం పొద్దున పదకొండు గంటలకు, మీ అన్నతో నా నికా రద్దు చేయమని బందరు కోర్టులో దావా వేశాను. సలాంతో మొదలుపెట్టాల్సిన ఉత్తరం ఇలా మొదలుపెట్టినందుకు ఏమనుకోకు. ముందు నాలుగు కబుర్లు రాసి చివర ఈ మాట చెబితే ఆ కబుర్లన్నీ అబద్ధంలా కనపడతాయి. ఇంకొకరి నోట వినకముందే నా చేతిరాతలో నీకు తెలియాలనిపించింది.

దావాలో రాసినవన్నీ నీకు తెలిసినవే. మీ అన్న అమన్ 1997 జూన్ 14, శనివారం రాత్రి విజయవాడలో మద్రాసు రైలెక్కారు. వీడియో గేమ్ సరుకు కొనుక్కుని మంగళవారానికి వస్తానన్నారు. రాలేదు. నువ్వు ఫోటో పట్టుకుని మద్రాసు వెళ్లి ఆసుపత్రులు, లాడ్జీలు తిరిగావు. పోలీసు ఫిర్యాదు ఉంది. ఉత్తరం గానీ ఫోను గానీ, చూశామన్న మనిషి గానీ లేరు.

నాలుగేళ్లు జాడ తెలియకపోతే భార్య కోర్టుకు వెళ్లవచ్చని వకీలు దత్తాత్రేయ గారు చెప్పారు. అలాంటి దావాలో భర్త అన్నదమ్ములకు నోటీసు పంపి, వాళ్లు చెప్పేది కూడా వినాలట. అందుకని నీకు కాగితం వస్తుంది, కంగారు పడకు. తీర్పు నావైపు వచ్చినా ఆరు నెలలు అమలు కాదు. ఆ లోపల మనిషి తిరిగొచ్చి కాపురం చేస్తానంటే తీర్పు పోతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నాన్న ఒక సంబంధం చూశారు. గుడివాడలో కరెంటు ఆఫీసు ఉద్యోగి, భార్య పోయి రెండేళ్లయింది. నేను అవుననలేదు, కాదనలేదు. ఏదనాలన్నా ముందు నా సంగతి తేలాలి. స్కూల్లో కొత్తగా చేరిన టీచర్లు మీ వారు ఏం చేస్తారని అడుగుతారు. చేస్తారనాలో చేసేవారనాలో నాకు తెలియదు. నాలుగేళ్లుగా చాక్‌పీసు వెతుక్కుంటున్నట్టు నటించి తప్పించుకుంటున్నాను.

నువ్వు కూడా తెలుగులోనే రాయి. ఉర్దూలో రాస్తే ఇక్కడ మా నాన్న చదువుతారు, అక్కడ అమ్మీ చదువుతుంది. తెలుగు చదవడం ఇద్దరికీ రాదు. ఉత్తరం స్కూలు చిరునామాకి పంపు.

అమ్మీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? మెట్లు ఎక్కనివ్వకు.

ఖుదా హాఫిజ్.
నీ భాభీ,
ముబీనా

•

విజయవాడ, వించిపేట
10 సెప్టెంబరు 2001

ముబీనా భాభీకి,

అస్సలాము అలైకుమ్. ఉత్తరం అందింది. నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది, ఏదో ఒకటి రాసి పోస్టులో పడేసేవాణ్ని. చేతనైంది ఇదొక్కటే, అడుగుతున్నాను: రంజాన్ వెళ్లేదాకా ఆగండి. మీ వకీలు గారితో చెప్పి వాయిదా అడగండి. దానికి కారణం ఉంది. రూఢి కానిదే కాగితం మీద పెట్టను.

అమ్మీ బాగానే ఉంది. మీరు మిద్దె మీద ఉన్న రోజుల్లో మెట్ల కింద నిలబడి కేకలేసేది కదా, ఇప్పుడు కేకలేయడానికి పైన ఎవరూ లేరని మెట్లవైపే చూడదు. పంజా సెంటర్లో మన కొట్టు చెప్పుల వ్యాపారికి అద్దెకిచ్చాం. బోర్డు తీసేశాడు గానీ గోడ మీద రాసిన 'అమన్ వీడియో గేమ్స్, రిపేరు చేయబడును' అన్న అక్షరాలు సున్నంలోంచి ఇంకా కనపడుతూనే ఉన్నాయి. నేను రోజూ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనుకు వెళ్తున్నాను. బూడిద చొక్కా కాలరు లోపలికి కూడా పోతుంది. అమ్మీ ఉతికిన నీళ్లు చూపించి, ఇది జీతమా సిమెంటా అంటుంది.

ఆదివారం సెలవు. ఆ రోజు వన్‌టౌన్‌లో మూసిన షాపుల ముందు పాత సామాన్లు పరుస్తారు, అక్కడికి వెళ్తున్నాను. గోనెపట్టా మీద ఫ్యాను రెక్కలు, కుక్కర్ మూతలు, తాళాలు లేని తాళంచెవులు, రేడియోలు. వాటి మధ్య మన కాలపు వీడియో గేమ్ క్యాసెట్లు. ఇప్పుడు అందరికీ సీడీ ఆటలు కావాలి, ఈ ప్లాస్టిక్ డబ్బాలు ఎవరికీ అక్కర్లేదు. కొట్టు మూసినప్పుడు సరుకంతా గంపగుత్తగా అమ్మేశాం కదా. అందులోవి ఒకటో రెండో కనపడతాయేమోనని మొదలుపెట్టాను. ఒకదాని మీద 9999 ఆటలని చీటీ. ఇంటికొచ్చి పెడితే ఏడే ఆటలు, అవే మళ్లీ మళ్లీ.

జక్కయ్య అని ఒకాయన పట్టా దగ్గర ఎక్కువ దొరుకుతాయి. మొదటిసారి అడిగాడు: "ఎంతమంది పిల్లలు బాబూ?"

"పెళ్లి కాలేదండీ."

"మరి ఇయ్యన్నీ ఎవరికి?"

"నాకే."

కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. "పోన్లే. మా బావమరిదికి యాభై ఏళ్లు. ఇంకా గాలిపటాలు ఎగరేత్తాడు. ఆడికంటే నయం, నువ్వు డాబా మీంచి పడవు."

ఆగుతారని ఆశపడుతున్నాను.

మీ మరిది,
ఇష్తియాక్

•

మచిలీపట్నం
27 సెప్టెంబరు 2001, గురువారం

ఇష్తియాక్‌కి సలాం.

ఆగను. కారణం ఉందన్నావు, చెప్పలేదు. చెప్పని కారణాల మీద నాలుగేళ్లు కూర్చున్నాను. మొదటి ఏడాది రైలు తప్పిందన్నారు, రెండో ఏడాది గల్ఫ్ వెళ్లి ఉంటాడన్నారు, మూడో ఏడాది ఒక ఫకీరు గారు ఉత్తరం దిక్కున ఉన్నాడన్నారు. నువ్వు చెప్పబోయేది కూడా అలాంటిదే అయితే నీ దగ్గరే ఉంచుకో.

నీ మీద నాకు వేరే బెంగ ఉంది. అమ్మీ బందరు వచ్చినవాళ్లతో కబురు పంపింది. "వాడి మంచం కింద చీపురు పట్టడం లేదు, అన్నీ ఆ డబ్బాలే. జీతం వచ్చిన వారానికే పాత సామాన్ల వాళ్ల దగ్గర నిలబడతాడు" అందట. నీకు ఇరవై ఎనిమిదేళ్లు. నీ చిన్నప్పుడు ట్యాంకుల ఆట కోసం మీ అన్న కొట్టులో బల్ల కింద దాక్కునేవాడివట. ఇప్పుడు దాక్కోవడానికి ఆ బల్ల లేదు. ఆ క్యాసెట్లు ఎంత వెతికినా ఆ రోజులు వాటిలో లేవు. ఇక వెళ్లకు.

వెళ్లక మానవని తెలుసు కాబట్టి ఒకటి చెబుతాను. ఆట రాకపోతే క్యాసెట్ మూతిలో నోటితో ఊదకు. తడి తగిలి రాగి పచ్చబడుతుంది. పెన్సిలు గీతలు తుడిచే రబ్బరు తీసుకుని మెల్లగా రుద్దు. అప్పటికీ రాకపోతే లోపల టంకం విడి ఉంటుంది. అది నువ్వు ముట్టుకోకు.

రాస్తుంటే గుర్తొచ్చింది. మా పెళ్లయిన కొత్తలో ఇంట్లో గోళ్ల రంగు సీసా కనపడి అమ్మీ ఎంత గొడవ చేసింది! గోళ్లకు రంగుంటే నమాజు ముందు కడుక్కునే వజూ చెల్లదు, నమాజు చెల్లదు, ఈ ఇంట్లో ఎవరు తెచ్చారని. మీ అన్న తాపీగా, "గోళ్లకు కాదమ్మీ, స్క్రూలకు" అన్నారు. రిపేరు చేసిన క్యాసెట్ స్క్రూ మీద ఎర్ర చుక్క పెడితే, మధ్యలో ఇంకెవరైనా విప్పారా లేదా అన్నది తెలుస్తుందని విప్పి చూపించారు. అమ్మీ సీసా పక్కన పెట్టేసి, "అయితే స్క్రూల చేత నమాజు చేయించు" అంది. ఆ రోజు అందరం నవ్వాం.

గుడివాడ వాళ్లు జనవరి దాకా ఆగుతామన్నారు.

నీ భాభీ,
ముబీనా

•

విజయవాడ
22 అక్టోబరు 2001, సోమవారం

భాభీ,

భాయ్‌జాన్ బతికే ఉన్నారు. నిన్న ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆ సంగతి రూఢి అయింది.

వరసగా రాస్తాను. జూలైలో జక్కయ్య పట్టా మీద ఒక క్యాసెట్ దొరికింది. వెనక స్క్రూ మీద ఎర్ర చుక్క ఉంది. మన కొట్టు సరుకే అనుకుని ఇంటికి తెచ్చి విప్పాను. లోపల బోర్డు అంచున, భాయ్‌జాన్ ఎప్పుడూ రాసే చోటే, పెన్సిలుతో ఉర్దూ అంకెల్లో నెల, సంవత్సరం ఉన్నాయి. గ్యారంటీ కోసం ఆయన అలా రాసేవారని మీకు తెలుసు. రాసింది 2001 మార్చి. ఆయన వెళ్లింది 1997లో.

తప్పు చదివానేమోనని ఎవరికీ చెప్పలేదు. ఇంకొకటి దొరికితే గానీ నోరు విప్పకూడదనుకుని ప్రతి ఆదివారం వెళ్లాను. ఆగస్టు చివర రెండోది దొరికింది. దాని మీద 2001 జూలై. మీకు ఆగమని రాసింది అందుకే. నిన్న మూడోది. 2001 సెప్టెంబరు. అంకె మీద వేలు పెడితే పెన్సిలు పొడి ఇంకా అంటుతోంది.

అంకెలు ఎవరైనా రాస్తారు. కానీ టంకం చూడండి. ఆవగింజలు పేర్చినట్టు అన్నీ ఒకే సైజు, ఒకదానికొకటి తగలకుండా. చిన్నప్పటి నుంచి చూసిన చెయ్యి అది. ఆ చెయ్యి ఇంకెవరికీ లేదు.

ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయని జక్కయ్యను అడిగాను.

"అది చెప్తే వచ్చేవారం నువ్వే ఎళ్లి తెచ్చుకుంటావు. నేను ఇక్కడ ఈగలు తోలుకోవాలి."

"కొనడానికి కాదండీ. మా అన్న చేసినవి. నాలుగేళ్ల నుంచి కనపడటం లేదు."

ఆయన చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. "ఉయ్యూరు నుంచొత్తాయి. అంతకుమించి నాకు తెలీదు, ఒట్టు."

నోటీసు వచ్చింది. జనవరి 21, సోమవారం, పదిన్నరకు హాజరు కమ్మని ఉంది. ఆ రోజు ఈ మూడు క్యాసెట్లూ జడ్జి గారి ముందు పెడతాను. మీకు అడ్డం పడాలని కాదు. మీరు సంతోషిస్తారనే అనుకుంటున్నాను. ఉయ్యూరు మీకు గంట ప్రయాణం. ఆయన అంత దగ్గరలో ఉన్నారు.

వెంటనే రాయండి.

ఇష్తియాక్

•

విజయవాడ
26 నవంబరు 2001, సోమవారం

ముబీనా గారికి,

నెల దాటింది. మీరు జవాబు రాయలేదు. మీ భర్త బతికి ఉన్నాడని రాస్తే మీ దగ్గర నుంచి ఒక కార్డు ముక్క రాలేదు. దీనికి నాకు తోచిన అర్థం ఒక్కటే. ఈ సంగతి మీకు ముందే తెలుసు.

దీపావళి సెలవుకు ఉయ్యూరు వెళ్లాను. చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు పొడవునా చెరకు బళ్లు నిలబడి ఉన్నాయి. పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. ఒక కొట్టతను మాత్రం, "అవి మా ఊరివి కావు, బందరు బస్సులో వస్తాయి" అన్నాడు. ఎవరు తెస్తారంటే చెప్పలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి మీ ఉత్తరాలు తీశాను. ఇంతకాలం కవరు వైపు చూడనే లేదు. మీరు మచిలీపట్నం అని పైన రాస్తారు. పోస్టాఫీసు ముద్ర మాత్రం రెండింటి మీదా ఉయ్యూరుది.

క్యాసెట్లు బందరులో తయారై ఉయ్యూరు మీదుగా వస్తున్నాయి. మీ ఉత్తరాలు కూడా అదే దారిలో వస్తున్నాయి. ఆయన బందరులో ఉన్నారు, మీరు కలుస్తున్నారు. లేదా ఆయన మిమ్మల్ని కలవకపోయినా ఎక్కడున్నారో మీకు తెలుసు. తెలిసీ జాడ లేదని కోర్టులో రాశారు. గుడివాడ సంబంధం కోసమా? ఆయన మిమ్మల్ని అంత బాధ పెట్టి ఉంటే అది చెప్పండి, నేనే మీ తరఫున మాట్లాడతాను. కానీ ఆయన్ని దాచకండి.

అమ్మీకి చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. మొదటి రోజా నాడు, ఉపవాసానికి ముందు సెహ్రీ తినడానికి లేచినప్పుడు చెప్పాను. ఏడవలేదు. "ఏం తింటున్నాడో" అంది. తెల్లారాక మిద్దె మీది గదికి సున్నం వేయించింది. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి కిటికీ తనే తుడిచింది. ఇఫ్తార్‌కు మూడో పళ్లెం పెడుతోంది. ఖర్జూరాలు పెట్టి, పైన గిన్నె బోర్లిస్తోంది. పండగకు వస్తాడని ఆమె లెక్క.

మీరు రాయకపోతే పండగ అయ్యాక నేనే బందరు వచ్చి మీ నాన్న బడే మియా గారిని అడుగుతాను.

ఇష్తియాక్

•

మచిలీపట్నం
5 డిసెంబరు 2001, బుధవారం

ఇష్తియాక్,

ఆ మూడు క్యాసెట్లూ నేను బాగు చేసినవి.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నెల పట్టింది. నీ అక్టోబరు ఉత్తరం స్టాఫ్ రూములో విప్పాను. మొదటి లైను చదివి నమ్మాను. ఎక్కడున్నారు, ఏ చొక్కా వేసుకున్నారు, చిక్కిపోయారా అని కూడా అనుకున్నాను. తర్వాత నువ్వు రాసిన తేదీలు చదివాను. మార్చి, జూలై, సెప్టెంబరు. మూడూ నా పెన్సిలుతో రాసినవే. గంట కొట్టారు. వెళ్లి మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పించాను.

ఇప్పుడు నేనూ వరసగా రాస్తాను.

మీ అన్నకు కుడి కన్ను చిన్నప్పటి నుంచీ సరిగా ఆనదు. గోలీలాటలో రాయి తగిలిందట, మీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పెళ్లినాటికి ఎడమ కన్ను కూడా అలసిపోయేది. టీవీలు, రేడియోలు ఎలాగో లాక్కొచ్చేవారు గానీ వీడియో గేమ్ బోర్డు మీద టంకం వెంట్రుకలంత సన్నం. రెండు బోర్డులు కాల్చేశారు. మసక చూపు మెకానిక్‌కు రిపేర్లు ఎవరిస్తారు? ఒక రాత్రి నన్ను కూర్చోబెట్టి సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పారు. అది 1994 శీతాకాలం. ఆ తర్వాత ఆ కొట్టు నుంచి వెళ్లిన ప్రతి క్యాసెట్ మిద్దె మీద నేను చేసిందే. ఆయన పొద్దున సంచిలో పైకి తెచ్చేవారు, సాయంత్రం కిందికి తీసుకెళ్లేవారు. లోపల అంకెలు, స్క్రూ మీద రంగు చుక్క ఆయన ఆలోచన. వేసే చెయ్యి నాది. అమ్మీ కింద నుంచి, "ఈ పిల్ల పగలంతా పైన పడుకుంటుంది" అని కేకలేసినప్పుడు నా చేతిలో ఐరన్ ఉండేది. నువ్వు చిన్నప్పటి నుంచి చూశానన్న చెయ్యి అది కాదు, ఇష్తియాక్. నీకు ఇరవై దాటాక చూసిన చెయ్యి. కంటి సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఇవాళ తప్పాను.

ఆయన వెళ్లాక ఇక్కడికి తెచ్చుకున్న సామానులో ఆ ఐరన్ ఉంది. రెండేళ్లు ముట్టుకోలేదు. స్టీలు సామాన్ల అమలమ్మ అని ఉయ్యూరు ఆవిడ గురువారం గురువారం మా వీధికి వస్తుంది. పాత బట్టలకు, పాడైన వస్తువులకు బదులు గిన్నెలిస్తుంది. ఒకసారి ఆమె బుట్టలో రెండు క్యాసెట్లు కనపడ్డాయి. "పిల్లల బొమ్మలమ్మా, పలకవు" అంది. ఇటివ్వు, చూస్తానన్నాను. అప్పటి నుంచీ తెస్తోంది. నాన్న మసీదుకు వెళ్లినప్పుడు, వంటింట్లో చేస్తాను. తన కూతురు బజారు వాళ్లకు పనిచేస్తోందని తెలిస్తే ఆయన అన్నం తినరు. బాగైనవాటిని ఆమె ఉయ్యూరులో పాత సామాన్ల కొట్టుకు అమ్ముతుంది, అక్కడి నుంచి నువ్వు చెప్పిన జక్కయ్యకు చేరుతాయి. నా ఉత్తరాలు కూడా ఆమె చేతికే ఇస్తాను, ఉయ్యూరులో బస్సు దిగి డబ్బాలో వేస్తుంది. ముద్ర సంగతి అదీ. అంకెలూ ఎర్ర చుక్కా కూడా మానలేదు. ఆ పని అలాగే నేర్చుకున్నాను, అలాగే ముగిస్తాను. అది నిన్ను ఆదివారాలన్నీ తిప్పుతుందని నాకేం తెలుసు? క్యాసెట్ల కోసం తిరగొద్దని రాసినప్పుడు నా పని బయటపడుతుందన్న భయం కొంత ఉంది. నువ్వు ఎవరిని వెతుకుతున్నావో తెలిసి ఉంటే ఆ రోజే చెప్పేదాన్ని.

నెల రోజులు ఎందుకు మాట్లాడలేదంటే, చెబితే నీ నుంచి మీ అన్నను నేనే లాక్కున్నట్టవుతుంది. చెప్పకపోతే నా పని ఆయన బతికున్నదానికి సాక్ష్యంగా కోర్టులో నిలబడుతుంది. ఏది తక్కువ చెడ్డదో తేల్చుకోలేకపోయాను. నీ నవంబరు ఉత్తరంలో మూడో పళ్లెం సంగతి చదివాక తేల్చుకున్నాను.

నా మాట నమ్మమని అడగను. రేపు గురువారం. అమలమ్మకిచ్చే సంచిలో నల్ల క్యాసెట్ ఒకటి ఉంటుంది. పైన మోటారు సైకిలు బొమ్మ సగం చిరిగిపోయింది. ఆదివారానికి జక్కయ్య పట్టా మీదికొస్తుంది. కొని విప్పు. ఈసారి లోపల ఉర్దూ అంకెలు ఉండవు. తెలుగులో ఇవాళ్టి తేదీ ఉంటుంది, కింద నీ పేరు ఉంటుంది.

మీ అన్న బతికి ఉన్నారో లేదో నాకు తెలియదు. తెలియదనే దావాలో రాశాను. అంతకు మించి ఒక్క మాట రాయలేదు.

నాన్నకు ఈ పని సంగతి నేనే చెబుతాను. పండగ వెళ్లనీ.

ముబీనా

•

విజయవాడ, వించిపేట
16 జనవరి 2002, బుధవారం

ముబీనా భాభీకి,

అస్సలాము అలైకుమ్.

మీరు చెప్పిన క్యాసెట్ డిసెంబరు 9, ఆదివారం దొరికింది. నేను వెళ్లేసరికి జక్కయ్య పట్టా ఇంకా పూర్తిగా పరవలేదు. నన్ను చూసి తనే సంచిలో చెయ్యి పెట్టి తీశాడు. "నీ కోసం పక్కన పెట్టా. మీ అన్న కనపడ్డాడా?" అన్నాడు. లేదన్నాను. డబ్బు తీసుకోనన్నాడు. బలవంతంగా ఇచ్చాను.

ఇంటిదాకా ఆగలేకపోయాను. పంజా సెంటర్లో మన కొట్టు మెట్ల మీద కూర్చుని స్క్రూడ్రైవరుతో విప్పాను. 5-12-2001, కింద నా పేరు. టంకం మిగతా మూడింట్లో ఉన్నట్టే ఉంది. పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం కూడా రాలేదు. చెప్పుల కొట్టు వాళ్ల అబ్బాయి వచ్చి పక్కకు జరగమంటే జరిగాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. జూలై నుంచి నేను మనసులో మాట్లాడుకుంటున్న మనిషి అక్కడ లేడు. అది నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది.

కిందటి ఉత్తరంలో మిమ్మల్ని భాభీ అనకుండా గారు అని రాశాను. అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

అమ్మీకి అప్పుడే చెప్పలేకపోయాను. పండగ దాకా ఆగాను. ఆ రోజు నమాజు నుంచి వచ్చేసరికి సేమ్యా వండి, కొత్త లుంగీ మడతపెట్టి గుమ్మం దగ్గర కూర్చుంది. వచ్చేపోయే వాళ్లందరికీ ఈద్ ముబారక్ చెబుతూనే ఉంది, కళ్లు మాత్రం వీధి మలుపు మీద. సాయంత్రం అసర్ నమాజు అజాన్ వినపడ్డాక లేచింది. "బందరులో ఉన్నవాడు పండక్కి రాకుండా ఉంటాడా? నువ్వు పొరపాటు పడ్డావురా" అంది. అప్పుడు చెప్పాను. మీ ఉత్తరం మొత్తం ఉర్దూలో చదివి వినిపించాను, కంటి సంగతితో సహా.

అమ్మీ, "అన్నంలో రాయి వస్తే వాడెప్పుడూ చూసేవాడు కాదు. నేను పరధ్యానం అనుకున్నా" అంది. ఇంకాసేపటికి, "ఆ పిల్ల పగలంతా పైన పడుకుంటుందని ఊరంతా చెప్పాను" అంది. లేచి మూడో పళ్లెం కడిగి అటక మీద పెట్టేసింది. లుంగీ మాత్రం పెట్టెలో దాచింది.

మీరు నాన్నగారికి చెప్పారని అమ్మీకి మీ వైపు వాళ్ల ద్వారా తెలిసింది. రెండు పూటలు అన్నం తినలేదని, మూడో పూట వంటింటి రేడియో తెచ్చి మీ ముందు పెట్టి ఇది పలకడం లేదన్నారని విన్నాను. గుడివాడ వాళ్లకు ఏం చెబుతారో నేను అడగను. ఏం చెప్పినా నాకు సమ్మతమే.

కోర్టులో నేను చెప్పబోయేది ఇది. మా అన్న 1997 జూన్ 14న మద్రాసు వెళ్లాడు. నేను వెతికాను. నాకు గానీ మా అమ్మకు గానీ ఆయన జాడ తెలియదు. ఆయన నుంచి గానీ, ఆయన గురించి గానీ మాకు ఏ కబురూ రాలేదు. మీ వకీలు గారు ఇందులో ఏమైనా సరిచేయాలంటే రాయమనండి. క్యాసెట్ల ప్రస్తావన తీసుకురాను.

సోమవారం తెల్లవారుజామున అయిదున్నర బస్సుకు బయల్దేరతాం. అమ్మీ కూడా వస్తానంటోంది. నోటీసులో తన పేరు లేదని చెప్పాను. "నా పని కోర్టులో కాదు" అంది. ఆమె సంచిలో గోళ్ల రంగు సీసా ఉంది. ఎర్రది, బీసెంట్ రోడ్డులో తనే బేరమాడి కొంది. నా సంచిలో నాలుగు క్యాసెట్లూ ఉంటాయి. నేను విప్పడంతో నాలుగింటికీ సీలు పోయింది, మళ్లీ మీరే వేయాలి. కోర్టు పిలుపు పదిన్నరకు. అది ముగిశాక మీ ఇంటికి వస్తాం.

మీ మరిది,
ఇష్తియాక్